సుత్తె కన్నా జల్లెడ మేలు

హైదరాబాద్ నుంచి బీజాపూర్ రోడ్డు పట్టి పడమరకు పోతుంటే మొయినాబాద్ దాకా గుండ్రాళ్లూ ఎర్ర చెల్కలే. అది సుమారు 250 కోట్ల ఏళ్ల నాటి గ్రానైటు నేల. భూమి లోపల కరిగి గడ్డకట్టిన రాయిలో జీవి ఆనవాలు మిగలదు కాబట్టి శిలాజాలు వెతికేవాళ్లు అక్కడ బండి ఆపరు. చేవెళ్ళ వైపు సాగేకొద్దీ మట్టి నల్లబడుతుంది. ఆ రేగడి పుట్టింది దక్కన్ లావా నుంచి. సుమారు 6.6 కోట్ల ఏళ్ల కిందట పొంగిన ఆ లావా ఇప్పటికీ 5 లక్షల చదరపు కిలోమీటర్ల మేర పరుచుకుని ఉంది. దాని ఆగ్నేయపు అంచు ఈ మండలాల్లోనే.

లావాలోనూ జీవి మిగలదు కదా అంటే, నిజమే. కానీ ఆ లావా ఒక్కసారిగా పారలేదు. ఒక ప్రవాహానికీ ఇంకో ప్రవాహానికీ నడుమ వేల ఏళ్ల విరామాలున్నాయి. ఆ విరామాల్లో చల్లారిన నల్లరాయి మీద వాన నీరు నిలిచి చెరువులయ్యాయి. నత్తలు చేరాయి, చేపలు చేరాయి, గట్ల మీద చెట్లు మొలిచాయి. తర్వాతి ప్రవాహం వచ్చి అన్నిటినీ కప్పేసింది. రెండు నల్లరాళ్ల మధ్య ఇరుక్కున్న ఆ బంకమట్టి, సున్నపురాయి, చెకుముకి జాతి రాయి పొర కోసమే ఈ వేటంతా. ఒకచోట మనిషెత్తు ఉన్న పొర పక్క చేనుకు పోయేసరికి మాయమైపోవచ్చు.

ఈ పొరల సంగతి ముందుగా పట్టుకున్నది జీతం తీసుకుని భూగర్భశాస్త్రం చేసినవాళ్లు కాదు. మద్రాసు సైన్యంలో వైద్యుడైన మాల్కమ్‌సన్ నిర్మల్ ప్రాంతపు గుట్టల్లో ఏరిన గుల్లల గురించి 1840లో అచ్చయింది. నాగపూర్‌లో మతబోధకుడైన స్టీఫెన్ హిస్లాప్ ఖాళీ దొరికినప్పుడల్లా రాళ్లు ఏరేవాడు. 1863లో టాకల్‌ఘాట్ రాతి వలయాలు చూసి తిరిగి వస్తూ వాగు దాటబోయి మునిగిపోయాడు. ఆయన పేరు మళ్లీ మన ప్రాంతంలోనే పలికింది. బీజాపూర్ రోడ్డు మీదే చేవెళ్ళ దాటి ఇంకా ముందుకు పోతే వచ్చే పరిగి దగ్గర నస్కల్ అనే ఊరుంది. అక్కడి పొరలో దొరికిన పళ్ల ఆధారంగా గుంటుపల్లి వి.ఆర్. ప్రసాద్, అశోక్ సాహ్ని 1988లో ‘నేచర్’ పత్రికలో ఒక చిన్న క్షీరదాన్ని ప్రకటించారు. భారతదేశంలో క్రెటేషియస్ కాలపు క్షీరదం దొరకడం అదే మొదలు. దానికి వాళ్లు పెట్టిన పేరు డెక్కనోలెస్టెస్ హిస్లోపి. తర్వాత బయటపడిన మడమ ఎముకలను బట్టి చూస్తే అది చెట్లెక్కే జంతువు. నస్కల్ పొర డైనోసార్లు అంతరించడానికి కాస్త ముందటిదని 2022లో వెలువడిన పరిశోధన తేల్చింది.

డెక్కనోలెస్టెస్ పన్ను పొడవు మిల్లీమీటరుకు కాస్త అటూ ఇటూ. శిలాజమంటే మనవాళ్లకు బిర్లా సైన్స్ మ్యూజియంలో నిలబెట్టిన కోటాసారస్ గుర్తుకొస్తుంది. ఆ ఎముకలు ఉమ్మడి ఆదిలాబాద్ జిల్లా యామన్‌పల్లి దగ్గరివి. అంతటి జంతువు కోసం చేవెళ్ళలో గడ్డపార ఎత్తితే రెక్కల నొప్పులే మిగులుతాయి. ఇక్కడి సంపద చిన్నది. దానికి తగ్గ పనిముట్టు జల్లెడ.

పని మాత్రం కాళ్లతో మొదలవుతుంది. తొలకరి వానలు మట్టిని కడిగాక, పొద్దుటి ఏటవాలు ఎండలో నడవాలి. ఎండ నడినెత్తికొస్తే రాయి మీద గీతలూ ఉబ్బులూ కనబడవు. ఒర్రెలో నత్త ఉన్న రాతిముక్క ఒకటి దొరికిందంటే అది పైనుంచి కొట్టుకొచ్చిందని లెక్క. ఎగువకు నడుస్తూ పోవాలి. ముక్కలు ఎక్కడ ఆగిపోతే అక్కడ గట్టెక్కి చూడాలి. నల్లరాయి మధ్యలో తెల్లగానో పచ్చగానో సన్నని పట్టీ కనబడుతుంది. కొత్తగా తవ్విన బావి చుట్టూ పోసిన మట్టి, రోడ్డు వెడల్పు కోసం కోసిన గట్టు ఇంకా మంచి చోట్లు. చేనుగలాయనను అడగకుండా గెట్టు దాటకూడదు. బావిలోకి దిగే సాహసం అసలే వద్దు.

ఈ పొరల్లో పేరున్న నత్త ఫైసా. మొన పైకి పెట్టి, నోరు మన వైపు తిప్పి పట్టుకుంటే నోరు ఎడమ పక్కకుంటుంది. మామూలు నత్తల్లో చాలావాటికి కుడి పక్కన ఉంటుంది. ఈ ఒక్క గురుతు తెలిస్తే చాలు, కొత్తవాళ్లు కూడా దాన్ని పోల్చుకుంటారు.

బంకమట్టి సంగతి వేరు. గోనెసంచిలో తెచ్చి ఎండలో గలగలమనేదాకా ఆరబెట్టాలి, పని చెడేది ఎక్కువగా ఈ దశలోనే. లోపల తడి ఉంటే ఆ తర్వాతి తతంగమంతా వృథా. బాగా ఎండిన గడ్డల్ని కిరోసిన్‌లో నానబెడితే తాగేస్తాయి. మిగిలింది వంపేసి నీళ్లు పోస్తే నీరు లోపలికి చొరబడి గడ్డ తనంతట తానే విచ్చిపోతుంది. కిరోసిన్ కాబట్టి ఆరుబయట, నిప్పుకు దూరంగా చేయాలి. ఆ బురదను ఒకదాని కింద ఒకటి పేర్చిన జల్లెడల మీద సన్నని ధారతో కడగాలి. చేత్తో రుద్దితే మిల్లీమీటరు పన్ను పొడైపోతుంది. మిగిలినదాన్ని నీడన ఆరబెట్టి, చిటికెడు చిటికెడు తీసి సూక్ష్మదర్శిని కింద తడి కుంచె మొనతో ఏరాలి. బస్తా మట్టికి పది పళ్లు వస్తే పండగే. ఓపిక లేనివాళ్లు ఈ దశలో ఫొటోగ్రఫీకి మారిపోతారు, వాళ్లను తప్పుపట్టలేం.

మోసపుచ్చే రాళ్లూ ఉన్నాయి. నల్లరాయి ఉల్లిపొరలుగా విచ్చుతూ గుండ్రటి గడ్డలు మిగుల్చుతుంది, వాటిని డైనోసార్ గుడ్లనుకుంటారు. తమిళనాడు పెరంబలూరులో 2020లో ఇలాంటి పుకారే లేచింది. చూస్తే అవి సముద్రజీవులైన అమ్మోనైట్లు, వాటి చుట్టూ గట్టిపడిన గడ్డలు. రాతి బీటల్లో మాంగనీసు నల్లటి కొమ్మలుగా పాకుతుంది. అది ఆకు ముద్ర కాదు. తాండూరు నాపరాయి మొదటి నత్త పుట్టక ముందటిది, అందులో గుల్లల కోసం వెతకడం దండగ.

దొరికినదాన్ని కాగితంలో చుట్టి సంచిలో వేసుకోవడం అందరూ చేస్తారు. చీటీ రాసేవాళ్లే తక్కువ. ఊరు, సర్వే నంబరో జీపీఎస్ అంకెలో, కింది నల్లరాయి నుంచి ఎన్ని అడుగుల ఎత్తులో దొరికింది, ఏ తేదీన, ఎవరు తీశారు: ఇవి పెన్సిల్‌తో రాసి రాయితోపాటే కట్టాలి. సిరా తడిస్తే చెదురుతుంది. చీటీ లేని నత్త అల్మారాలో బొమ్మ, అంతకు మించి ఏ శాస్త్రానికీ పనికిరాదు. షోకు కోసం ఏరేవాళ్లతో నా పేచీ ఇక్కడే. ఎముక బయటపడితే మాత్రం కదపకుండా ఫొటో తీసి, నాగోల్ బండ్లగూడలోని భారత భూగర్భ సర్వే కార్యాలయానికో, ఉస్మానియా విశ్వవిద్యాలయపు భూగర్భశాస్త్ర విభాగానికో కబురు చేయాలి. శిలాజ స్థలాల రక్షణకు కేంద్ర గనుల శాఖ 2022లో ఒక ముసాయిదా బిల్లు వెలువరించింది. బిల్లు సంగతి ఎలా ఉన్నా పొర మీద రోజూ కన్నుండేది ఊరివాళ్లకే.

1996లో వచ్చిన 111 జీవో మొయినాబాద్, చేవెళ్ళ, శంకర్‌పల్లి మండలాలతో సహా 84 గ్రామాల్లో కట్టడాలకు అడ్డుకట్ట వేసింది. అది హైదరాబాద్ జంట జలాశయాల రక్షణ కోసం తెచ్చినదే అయినా ఒర్రెలూ గట్లూ కూడా కొంత మిగిలాయి. ఆ ఆంక్షలు ఎత్తేస్తూ 2022లో ఉత్తర్వులు వచ్చాయి. కాంక్రీటు పోశాక ఏ జల్లెడా పనిచేయదు. చేవెళ్ళ చుట్టుపక్కల మీరు బావి తవ్విస్తున్నా, పునాది తీయిస్తున్నా, నల్లరాయి మధ్య పచ్చటి మట్టో, గుల్లలున్న రాయో తగిలితే ఒక్క తట్టెడు పక్కన పోయించండి. ఎంత లోతులో దొరికిందో చీటీ మీద రాసి ఉంచండి.