‘ఇంట్లోవాళ్ళు’ అంటే ఎవరు?

క్యాథీ క్రిమిన్స్ రాసిన ‘వేర్ ఈజ్ ది మ్యాంగో ప్రిన్సెస్?’ (2000) మా వదిన కోసం చదివాను.

కెనడాకు సెలవులకెళ్ళినప్పుడు జరిగిన పడవ ప్రమాదంలో రచయిత్రి భర్త మెదడుకు దెబ్బ తగిలింది. కోమాలోంచి లేచింది వేరే మనిషి. పునరావాస చికిత్స కోసం బీమా సంస్థతో ఆమె చేసిన పోరాటమూ, భర్త బతికాడన్న సంతోషం పక్కనే పాత మనిషి లేడన్న దుఃఖమూ ఇందులో ఉన్నాయి. తన విసుగునూ కోపాన్నీ దాచుకోకపోవడమే ఈ పుస్తకం బలం. ఓర్పుగల ఇల్లాలి బొమ్మని ఆమె పగలగొట్టింది.

అయితే భర్త గొంతు ఆమె గొంతులోంచే వినిపిస్తుందన్నది నా పేచీ. లూరియా పుస్తకంలో, 1943లో తలకు తూటా తగిలిన జసెట్‌స్కీ పాతికేళ్ళపాటు తన కథ తానే రాసుకున్నాడు. ఈ రెండూ పక్కపక్కన పెట్టుకుని చదవాలి.

అన్నయ్యకి బైక్ ప్రమాదం జరిగి ఆరేళ్ళు. డిశ్చార్జి రోజున డాక్టరు “ఇక ఇంట్లోవాళ్ళే చూసుకోవాలి” అన్నారు. ఆ బహువచనం వదిన ఒక్కతే. ఉద్యోగం మానేసింది. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 వైకల్యాలను పేర్కొంది. మెదడు గాయం అందులో విడిగా లేదు. బెంగళూరు నిమ్హాన్స్‌లో పునరావాస విభాగం ఉంది గానీ, రోజూ అంతదూరం ఎవరు వెళ్ళగలరు?

పుస్తకం సంగతి చెప్తే వదిన ఒక్కటే అడిగింది: “ఆమెకి రాసుకునే టైమెలా దొరికింది?”

అన్నయ్యని రోజుకి నాలుగు గంటలు చూసుకునే చోటు ఊళ్ళో ఉంటే, వదినకీ దొరికేది.