టెస్టింగ్‌కు తోడుగా నిలిచే కోడ్

హిందూపురం, పెనుకొండ, ధర్మవరం నుంచి బెంగళూరు రైలెక్కే కుర్రకారులో సాఫ్ట్‌వేర్ పని చేసేవాళ్లు చాలామందే ఉంటారు. వాళ్లకు రోజూ అక్కరకొచ్చే ఒక పనితనాన్ని మనసారా మెచ్చుకోవాలి. వెబ్ ఫ్రేమ్‌వర్కుల్లో టెస్టింగ్ సులువు చేయడానికి రాసిపెట్టిన హెల్పర్ క్లాసులది ఆ పనితనం.

జాంగో అనే వెబ్ ఫ్రేమ్‌వర్క్‌లోని రిక్వెస్ట్‌ఫ్యాక్టరీ క్లాసునే చూడండి. ప్రోగ్రామర్ సైమన్ విల్లిసన్ మొదట చిన్న కోడ్ ముక్కగా పంచుకున్న ఆలోచన, 2011లో వచ్చిన 1.3 వెర్షన్‌తో ఫ్రేమ్‌వర్క్‌లోనే చేరింది. సర్వర్ నడపక్కర్లేదు, బ్రౌజర్ తెరవక్కర్లేదు. రిక్వెస్ట్‌ను తయారుచేసి చేతికిస్తుంది. దాన్ని నేరుగా వ్యూ ఫంక్షన్‌కు అందించి, తిరిగొచ్చిన స్టేటస్ 200 అవునో కాదో చూసుకోవడమే. మిడిల్‌వేర్ జోలికి పోదు కాబట్టి లాగిన్ అయిన యూజర్‌ను మనమే ఆ రిక్వెస్ట్‌కు తగిలించాలి. నాకు దానిలో నచ్చేదీ అదే: దేన్ని పరీక్షిస్తున్నామో అదొక్కటే కళ్లముందుంటుంది. ధర్మవరం మగ్గం మీద కొత్త అంచు ఎక్కించాక కాస్త నేసి చూసుకోవడం లాంటి జాగ్రత్త ఇది.

వెబ్‌సైటు వాడేవారికి ఇలాంటి క్లాసు ఉందనే తెలియదు. అయినా దాన్ని ఓపిగ్గా రాసి, డాక్యుమెంటేషన్ జోడించి, ఉచితంగా ఇచ్చేవాళ్లున్నారు. మన ఊళ్ల ఇంజనీర్లారా, మీ సొంత ప్రాజెక్టు కోసం రాసుకున్న అలాంటి కోడ్ పదిమందికీ పనికొస్తుందనిపిస్తే, దానికీ టెస్టులు రాసి, మీరు వాడే ఫ్రేమ్‌వర్క్‌కు పంపండి.