బొగ్గు నలుపు, సిమెంటు తెలుపు

మహారాష్ట్రలోని చంద్రపూరు జిల్లాలో వర్ధానది చేరువనున్న ఘుగ్గుస్ పట్టణమున వెస్టర్న్ కోల్‌ఫీల్డ్స్ వారి బొగ్గుగనులును, లాయిడ్స్ మెటల్స్ వారి స్పంజి ఇనుము కర్మాగారమును, కొలది దూరమున ఏ.సి.సి. వారి చాందా సిమెంటు కర్మాగారమును ఉండుటచేత, చూపును మింగివేయు నలుపును కండ్లు చెదరగొట్టు తెలుపును ఒకే రోడ్డుమీద, ఒకే లారీల వరుసలో చూడవచ్చును. గనుల పనికై తెలంగాణ జిల్లాలనుండి తరలివచ్చి యిచ్చట స్థిరపడిన తెలుగు కుటుంబములు పెక్కు గలవు. ఇంటిలో తెలుగును, బజారులో మరాఠీని, పనిచోట హిందీని మాటలాడు ఆ యిండ్ల పిల్లలలో నేడు కెమెరా లేనివాడు అరుదు. ఏలయన ప్రతి ఫోనును కెమెరాయే. అయినను ఛాయాగ్రహణమును విద్యగా అభ్యసింపగోరువారికి ఈ ఊరిని మించిన పాఠశాల దొరకుట కష్టమనియు, ఆ పాఠము ఒంటబట్టుటకు డిజిటల్ కెమెరాకు ఫిల్ముకాలపు కట్టుబాట్లను మనకు మనమే విధించుకొనుట ఉత్తమమార్గమనియు నా నిశ్చితాభిప్రాయము.

ఆ కట్టుబాట్లు ఇవి. కార్డులో వేల బొమ్మలు పట్టినను, 36 బొమ్మలతో ఆ విడత ముగిసినట్లే భావింపవలయును. కెమెరా వెలుతురును గ్రహించు చురుకుదనమును తెలుపు ఐ.ఎస్.ఓ. సంఖ్యను బయలుదేరునపుడే 100 గానో 400 గానో నిర్ణయించి, ‘రీలు’ ముగియువరకు మార్పరాదు. రంగుల సమతను (వైట్ బ్యాలెన్సును) పగటివెలుతురునకు నిలిపియుంచవలయును. జూమ్ లెన్సును ఇంటనే విడిచి, 35 గాని 50 గాని మిల్లీమీటర్ల లెన్సు నొకదానినే తగిలించుకొని, దృశ్యము పెద్దదైనచో వెనుకకు నడవవలయును. కెమెరా వెనుక తెరపై అట్టముక్క నంటించి, తీసిన బొమ్మను ఆనాడు చూడకుండుటయు, నచ్చనిదానిని చెరిపివేయకుండుటయు, కెమెరా యిచ్చిన జేపెగ్ ఫైలును కత్తిరింపక, రంగు దిద్దక, ఉన్నదున్నట్లుంచుటయు తక్కిన నియమములు. వీనిలో కఠినతమమైనది తెర చూడకుండుటయే. తీసిన బొమ్మను చూచుకొను ఆ రెండు క్షణములలో ఎదుటి మనిషి ముఖమున మెదలిన భావము మరల రాదు. తెరకలవాటుపడిన కన్ను జరిగిపోయినదానినే చూచుచుండును గాని, జరుగనున్నదానికై కాచుకొనియుండదు.

36 అను సంఖ్య ఊరక పుట్టినది కాదు. సినిమాలకు వాడు 35 మిల్లీమీటర్ల ఫిల్మును చిన్న కెమెరాలో ఇమిడ్చి ఆస్కార్ బర్నాక్ రూపొందించిన లైకా 1925లో విపణికి వచ్చిన పిమ్మట, 36 బొమ్మల రీలు లోకమంతట కొలమానమయ్యెను. మన ఇండ్లలో ఒకప్పుడు కనిపించిన అగ్ఫా క్లిక్ త్రీ వంటి కెమెరాలో 12 బొమ్మలే వచ్చెడివి. ఊటీలోని హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ వారి ‘ఇందు’ ఫిల్మో, మరియొకటో కొని, పండుగకు సగము వాడి, మిగిలిన సగము మరియొక శుభకార్యమునకై దాచి, రీలు నిండినపిమ్మటనే స్టూడియోకిచ్చి కడిగించుకొనెడివారు. ఇంతకంటె ఆశ్చర్యకరమైన విషయమొకటి గలదు. 1975లో కొడాక్ సంస్థలో స్టీవెన్ సాసన్ నిర్మించిన తొలి డిజిటల్ కెమెరా, 10,000 బిందువుల నలుపుతెలుపు బొమ్మ నొకదానిని క్యాసెట్టుమీద నమోదు చేయుటకు 23 సెకండ్లు తీసికొనెడిది. ఒక్కొక్క క్యాసెట్టుకు ఆయన నిర్ణయించిన పరిమితి 30 బొమ్మలు, ఏలయన అది 24కును 36కును నడుమ నుండు సంఖ్య. డిజిటల్ కెమెరా పుట్టునాటికి దాని జన్మదాతయే దానికి ఫిల్ము హద్దును పెట్టెనన్నమాట!

ఇక ఘుగ్గుస్ నేర్పు పాఠమునకు వత్తము. కెమెరాలోని వెలుతురు మీటరు తన యెదుట నున్నది నల్లనిదో తెల్లనిదో ఎరుగదు; ఎంత వెలుతురు తిరిగివచ్చుచున్నదో కొలిచి, దృశ్యము నడిమి బూడిదరంగునకు సమానమని తలచి లెక్కగట్టును. కావున బొగ్గుకుప్పను నిండుగా చూపినచో, అది చీకటియని భ్రమించి, షట్టరును అధికసేపు తెరచి, బొగ్గును బూడిదగను, దాని ప్రక్కన నిలిచిన కార్మికుని తెల్లచొక్కాను వివరమే లేని తెల్లమచ్చగను మార్చివేయును. అచ్చట ఒకటిన్నర మొదలు రెండు స్టాపులవరకు (ఒక స్టాపు తగ్గించుటయన వెలుతురును సగము చేయుట) వెలుతురు తగ్గించినగాని బొగ్గు బొగ్గుగా నిలువదు. సిమెంటు లారీలనుండి రాలిన పొడితో తెల్లబారిన గోడకు ఇందుకు విరుద్ధముగా ఒక స్టాపు పెంచవలయును. తెర చూచుకొను వాడు ఈ సంగతిని తడవతడవకు సవరించుకొనుచు ఎన్నడును నేర్చుకొనడు. తెర మూసినవాడు మాత్రము తన అరచేతిని అదే వెలుతురులో నుంచి, దానిపై మీటరు చూచి, మీటరు చెప్పినదానికంటె ఒక స్టాపు ఎక్కువ నిచ్చి, బొగ్గునకును సిమెంటునకును ఒకే లెక్క సరిపోవుట కనుగొనును. ఏలయన మారినది వస్తువుయొక్క వర్ణమే గాని దానిపై పడు వెలుతురు కాదు.

మీటరు లేకున్నను పాతవారు చిక్కుపడలేదు. నీడలు స్ఫుటముగా పడు ఎండలో ఎపర్చరు (లెన్సు రంధ్రము) ఎఫ్ 16, షట్టరు వేగము ఐ.ఎస్.ఓ. సంఖ్యకు దగ్గరిది, అనగా 100కు సెకండులో 125వ వంతు. పలుచని మబ్బు పట్టినచో ఎఫ్ 11, నీడలు మాసినచో ఎఫ్ 8, దట్టమైన మబ్బుకు ఎఫ్ 5.6, వేపచెట్టు నీడకు ఎఫ్ 4. మే నెలలో 45 డిగ్రీలు దాటు చంద్రపూరు ఎండకు ఈ సూత్రము మొదటి మెట్టునుండి కదలనే కదలదు. ఇచ్చట ఒక హెచ్చరిక అవసరము. నెగెటివ్ ఫిల్ము అధికమైన వెలుతురును చాలవరకు సహించును, జేపెగ్ సహింపదు. కొడాక్రోమ్ వంటి స్లైడు ఫిల్ముతో పనిచేసినవారివలె, దృశ్యములో తెల్లనిదానిని కాపాడి, నీడలను వాని దారిని విడువవలయును. భూగర్భగనులలో మండువాయువు భయముచే సాధారణపు కెమెరాలును ఫోనులును నిషిద్ధములు గనుక, ఈ అభ్యాసమునకు గనికి వెలుపలి లోకమే తగినది. అదియే చాలినంత కలదు.

బతుకమ్మ సాయంకాలములలో ఈ నియమములు మరింత బిగిసికొనును. 400 దగ్గర నిలిచిపోయిన ఐ.ఎస్.ఓ.తో, సంధ్యాకాంతి క్షీణించుచుండగా, షట్టరు సెకండులో 15వ వంతునకు దిగును. కెమెరాను గోడకో స్తంభమునకో ఆనించి, ఊపిరి బిగబట్టి నొక్కినచో, నడుమ పేర్చిన తంగేడు, గునుగు, బంతిపూల బతుకమ్మలు నిశ్చలముగా నిలిచి, చుట్టును తిరుగు ఆడువారి చీరకొంగులు రంగుల చారలై పోవును. వీధిదీపపు పసుపు ముఖములపై అట్లే యుండిపోవును. ఫోను తానే వెలుగును పెంచి, చలనమును గడ్డకట్టించి, పసుపును తొలగించి యిచ్చు బొమ్మకంటె ఈ బొమ్మలో ఆ సాయంకాలము ఎక్కువగా నున్నదని నేను నిస్సంకోచముగా చెప్పగలను.

ఫిల్ము కాలమున దిద్దుబాటు లేకుండెనా యని ఎవరైన ప్రశ్నించినచో, ఉండెనని ఒప్పుకొనవలసినదే. మన స్టూడియోలలో సన్నని పెన్సిలుతో నెగెటివ్‌పై మచ్చలు మాపు ‘టచింగ్’ పనివారుండిరి. అమెరికా ఛాయాగ్రాహకుడు ఆన్సెల్ ఆడమ్స్ డార్క్ రూములో ఒక్కొక్క మూలను వెలిగించియు మాటుపరచియు తన ప్రింట్లను సాధించెను. జేపెగ్ సైతము కెమెరా చేసిన తీర్పే. రంగుల గాఢతను, నలుపు తెలుపుల తీరును ముందే ఎంచి పెట్టినది మనము. కావున ఈ పద్ధతి సత్యమునకు పూచీ యని నేననను. ఆలోచన అంతయు షట్టరు నొక్కుటకు ముందే ముగియవలెననుటయే దీని విలువ. అష్టావధానమున నిషిద్ధాక్షరి పూరించు అవధాని, వద్దన్న అక్షరమును తప్పించుకొనుచు, కాగితము లేక, కొట్టివేతకు తావులేక, నోట వెడలిన పదమునకు కట్టుబడి పద్యమును నడపునే, ఆ ధారణయు ఆ సాహసమును ఇచ్చట కంటికి అలవడును. హద్దు ఊహను చంపుననువారు మాయాబజారు చిత్రమున (1957) ఛాయాగ్రాహకుడు మార్కస్ బార్ట్లే సృష్టించిన వెన్నెల నౌకావిహారమును మరియొకసారి చూడవలెను. కంప్యూటరు దిద్దుబాటు ఎరుగని కాలమున ఆ వెన్నెల పండినది.

పెద్ద సంస్థలును ఈ దారిని గుర్తించినవి. లైకా వారు 2016లో వెనుక తెరయే లేని డిజిటల్ కెమెరాను వెలువరించిరి. ఫుజీఫిల్మ్ వారి 2025 నాటి ఎక్స్ హాఫ్ కెమెరాలో 36, 54, లేక 72 బొమ్మలు ముగియువరకు చూడనీయని ఏర్పాటు గలదు. కారణము వేరైనను, రాయిటర్స్ వార్తాసంస్థ 2015 నవంబరులో తన స్వతంత్ర ఛాయాగ్రాహకులను శుద్ధిచేయని ‘రా’ ఫైళ్లనుండి తయారుచేసిన బొమ్మలు మాని, కెమెరా యిచ్చిన జేపెగ్‌లనే పంపుడని కోరెను. ఈ సాధనకు కొత్త కెమెరా కొననక్కరలేదు. అట్టముక్కయు మాట తప్పని గుణమును చాలును. పరుల పెండ్లికి సొమ్ము పుచ్చుకొని పోయినపుడు మాత్రము దీనిని ప్రయోగింపరాదు. ఆ పెండ్లిబొమ్మలు వారి హక్కు, మన అభ్యాసము కావు.

గనులు మూతపడును, క్వార్టర్లు ఖాళీయగును, పనిచేసిన పెద్దలు కనుమరుగగుదురు. ఫోనులలో పోగుపడిన వేల బొమ్మలు ఆ ఫోనులతోనే పోవుచున్నవి. కాబట్టి ఘుగ్గుస్ తెలుగు యువకులను నేను కోరునది ఒక్కటే. ఈ దసరాకు ఒక 36 బొమ్మల ‘రీలు’ తీయుడు. వారము గడచిన పిదప చూడుడు. అందులో నాలుగైదింటిని చంద్రపూరులోనో నాగపూరులోనో కాగితముపై ముద్రింపించి, వెనుక పెన్సిలుతో తేదీని, వాడపేరును, బొమ్మలోని వారందరి పేర్లను తెలుగులో వ్రాసి, ఇంటి పెద్దల చేతికిండు.