పేగు పెట్టే కబురు

షుగర్ పరీక్షలో 75 గ్రాముల గ్లూకోజు నీళ్లలో కలిపి తాగిస్తారు. రక్తంలో చక్కెర ఎంతెంత పెరిగిందో చూసుకుని, మరో రోజు సరిగ్గా అంతే పెరిగేలా అదే మనిషికి నరంలోకి గ్లూకోజు ఎక్కించారనుకోండి. చక్కెర రెండుసార్లూ ఒకటే. ఇన్సులిన్ మాత్రం ఒకటి కాదు. తాగినప్పుడు ఊరేదాంట్లో, ఆరోగ్యవంతుల్లోనైతే, సగం దాకా ఆ తేడాయే ఉంటుంది. రక్తంలో ఇన్సులిన్‌ను కొలిచే పద్ధతి చేతికొచ్చిన కొన్నేళ్లకే, 1964లో, మెకింటైర్ బృందం ఈ తేడాను పట్టుకుంది. అంటే తిండి వస్తోందని క్లోమానికి పేగు విడిగా కబురు పెడుతోందన్నమాట.

కబురు మోసే హార్మోన్లు రెండు. చిన్నపేగు పైభాగంలో ఎక్కువగా ఉండే కె కణాలు జీఐపీని, కింది భాగంలో ఎక్కువగా ఉండే ఎల్ కణాలు జీఎల్‌పీ-1ని వదులుతాయి.

అసలు పనితనం క్లోమంలోని బీటా కణంలో కనిపిస్తుంది. గ్లూకోజు లోపలికొచ్చి ఖర్చవుతుంటే ఏటీపీ పెరుగుతుంది. దాంతో పొటాషియం బయటికి పోయే దారి మూసుకుంటుంది, కణం పొరమీది విద్యుత్తు మారుతుంది, కాల్షియం లోపలికి దూసుకొస్తుంది. అప్పుడు ఇన్సులిన్ నింపుకున్న గుళికలు పొరను అంటుకుని పగులుతాయి. జీఎల్‌పీ-1 ఈ వరసను తనంతట తాను మొదలుపెట్టదు. కణం బయట తన గ్రాహకం మీద వాలి, లోపల సైక్లిక్ ఏఎంపీని పెంచుతుంది. దానివల్ల, వచ్చిన కాల్షియంకి మామూలు కంటే ఎక్కువ గుళికలు పగులుతాయి. చక్కెర తక్కువుంటే కాల్షియమే రాదు కనక కబురు అందినా కణం దాదాపు కదలదు. నన్నడిగితే మొత్తం ఏర్పాటులో ఇంతకన్నా ముచ్చటైన చోటు లేదు. గ్లిమెపిరైడ్ లాంటి పాత మాత్రలు చక్కెర సంగతి చూడకుండానే ఆ పొటాషియం దారిని మూసేస్తాయి. అందుకే మాత్ర వేసుకుని అన్నం మానేసినవాళ్లకు చెమటలు పట్టి కళ్లు తిరుగుతాయి.

కబురు చెరిపేసే పని కూడా అంతే నాజూకు. జీఎల్‌పీ-1లో ఉన్నవి 30 అమైనో ఆమ్లాలు. డీపీపీ-4 అనే ఎంజైము మొదటి రెండింటిని కోసేస్తే చాలు, హార్మోను పనికిరాకుండా పోతుంది. రక్తంలో దాని అర్ధాయువు రెండు నిమిషాలే. చాలా భాగమైతే పేగు దాటకముందే తెగిపోతుంది. అమెరికా ఎడారుల్లో తిరిగే గిలా మాన్‌స్టర్ అనే విషపు బల్లి లాలాజలంలో దీన్ని పోలిన ఎక్సెండిన్-4 ఉంది. అందులో రెండో స్థానంలో అలనిన్‌కి బదులు గ్లైసిన్ ఉంటుంది. ఆ ఒక్క మార్పుతో డీపీపీ-4 కోత సాగదు. దాన్నే కృత్రిమంగా తయారుచేసి, ఎక్సెనటైడ్ పేరుతో 2005లో అక్కడ మందుగా అనుమతించారు. మన మందుల షాపుల్లో దొరికే సిటాగ్లిప్టిన్ మరో దారిలో పోతుంది: హార్మోను జోలికి పోకుండా, కోసే ఎంజైమునే ఆపుతుంది.

టైప్ 2 మధుమేహంలో జీఐపీ మాటకు బీటా కణం అంతగా స్పందించదు, జీఎల్‌పీ-1ని మోతాదు పెంచి ఇస్తే బాగానే స్పందిస్తుంది. అందుకే ఏళ్ల తరబడి మందులన్నీ రెండోదాని చుట్టూనే తిరిగాయి. తీరా 2022లో అమెరికా అనుమతి పొందిన టిర్జెపటైడ్, పక్కన పెట్టేసిన ఆ జీఐపీ గ్రాహకాన్ని కూడా కలుపుకునే పనిచేస్తుంది.