సెల్లార్లో స్కూటర్‌నీ లెక్కేస్తే ఎలా?

మన దేశంలో బళ్లలో సగానికి పైగా ఇన్సూరెన్స్ లేకుండానే తిరుగుతున్నాయట. 2024లో పార్లమెంటు ఆర్థిక స్థాయీ సంఘం నివేదికలో ఆ అంకె దాదాపు 56 శాతం. శాతం కనబడగానే హారం ఎక్కడని వెతకడం నాకు అలవాటు. చిక్కంతా అక్కడే ఉంటుంది.

పాలసీలెన్నో కంపెనీలు చెప్పగలవు. బళ్లెన్నో ఎవరు చెప్పాలి? రిజిస్ట్రేషన్ పుస్తకంలో బండి పుట్టుక తప్పకుండా ఎక్కుతుంది, చావు మాత్రం సరిగా ఎక్కదు. మా అపార్ట్‌మెంటు సెల్లార్లో ఒక స్కూటరుంది. గాలి పోయిన టైర్లు నేలకు అతుక్కుపోయాయి, చిరిగిన సీటు మీద పిల్లి కాపురం పెట్టింది. ఆర్సీ రద్దు చేయించనంత కాలం కాగితం మీద అదీ ఇన్సూరెన్స్ లేని బండే. పాత ఇనుము కింద తూకానికి పోయినవెన్నో! పైగా కేంద్రం ‘వాహన్’ డాష్‌బోర్డు లెక్కల్లో తెలంగాణ చాలా ఏళ్లు లేనే లేదు.

పోనీ, జనాన్నే అడుగుదామా? థర్డ్ పార్టీ ఇన్సూరెన్స్ తప్పనిసరని 1988 మోటారు వాహనాల చట్టం చెబుతోంది. మొదటిసారి దొరికితే 2,000 రూపాయల జరిమానా. ఇంక ‘లేదండీ’ అని ఎవరు ఒప్పుకుంటారు?

అమెరికాలో ఇన్సూరెన్స్ రీసెర్చ్ కౌన్సిల్ వేరే దారి పట్టింది. అది బళ్ల జోలికి పోదు, ప్రమాదాల్లో గాయపడ్డవాళ్ల క్లెయిములు చూస్తుంది. గుద్దినవాడికి పాలసీ ఉంటే పరిహారం అతని కంపెనీ నుంచి వస్తుంది. లేకపోతే దెబ్బతిన్నవాడు తన పాలసీలోని ‘అన్‌ఇన్సూర్డ్ మోటరిస్ట్’ కవర్ కింద అడుగుతాడు. ఈ రెండు రకాల క్లెయిములనూ పోల్చి అంచనా కడతారు. 2019లో దేశం మొత్తమ్మీద ఇన్సూరెన్స్ లేని డ్రైవర్లు 12.6 శాతం, అంటే ఎనిమిది మందిలో ఒకరు, మిసిసిపిలో 29.4, న్యూజెర్సీలో 3.1. పాలసీ లేనివాళ్లూ అందరిలాగే బండి నడుపుతారనుకుంటేనే ఈ లెక్క నిలుస్తుంది, అది దీని లోపం. కానీ కదలని బండి ఎవర్నీ గుద్దదు కాబట్టి ఇందులోకి రాదు.

మన దగ్గరా ఇప్పుడు రోడ్డు ప్రమాదాల వివరాలు ‘ఈ-డార్’ అనే ప్రభుత్వ ఆన్‌లైన్ వ్యవస్థలోకి ఎక్కుతున్నాయి. గుద్దిన బళ్లలో ఎన్నింటికి పాలసీ ఉందో జిల్లాలవారీగా ఏటా బయటపెట్టాలి. దెబ్బతిన్న కుటుంబానికి పరిహారం వస్తుందా రాదా అన్నది తేల్చేది ఆ అంకే.