కొనే మనిషికి తెలియాలి

పలాసలో జీడిపిక్కలు కొనే షావుకారు 80 కిలోల బస్తాను పైపైన చూసి ధర చెప్పడు. గుప్పెడు పిక్కలు తీసి కోయిస్తాడు. పప్పు నిండుగా ఉందా, మచ్చపడిందా, పుచ్చిందా అని చూసి, బస్తాకి ఎంత పప్పు దిగుతుందో లెక్కేసుకున్నాకే బేరం మొదలుపెడతాడు. సొంత డబ్బు కాబట్టి అంత జాగ్రత్త అంటారు. జాగ్రత్త ఒక్కటే చాలదు, పిక్క సంగతి తెలియాలి.

సర్కారు కొనుగోళ్ల మాట రాగానే మనం ‘ఎవరు తిన్నారు?’ అని అడుగుతాం. అడగాల్సిందే. అయితే ఇటలీ ప్రభుత్వ కార్యాలయాల కొనుగోళ్ల మీద బందియేరా, ప్రాట్, వల్లెట్టి అనే ఆర్థికవేత్తలు 2009లో అచ్చువేసిన లెక్క నన్ను ఆలోచనలో పడేసింది. వాళ్లు అంచనా కట్టిన వృథాలో 83 శాతం కొన్నవాళ్ల జేబుల్లోకి వెళ్లలేదట. చేతకానితనానికీ నిబంధనల చిక్కుముళ్లకీ ఖర్చయిపోయింది.

కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న శ్రీకాకుళం జిల్లా ఉద్దానంలో ఈ చేతకానితనం ప్రాణాల మీదికి తెస్తుంది. డయాలసిస్ ఒక విడతకు సుమారు నాలుగు గంటలు. నిమిషానికి అర లీటరు చొప్పున 120 లీటర్ల ద్రావణం యంత్రంలోంచి పోతుంది. అందులో దాదాపు అంతా ఆర్వో నీరే. కాబట్టి యంత్రం ఒక్కటే కొంటే సగమే కొన్నట్టు. ఆర్వో ప్లాంటు, మెంబ్రేన్ మార్చే గడువు, ఫిల్టర్లు, ట్యూబులు, చెడిపోతే మెకానిక్ ఎన్ని గంటల్లో రావాలి, రాకపోతే జరిమానా ఎంత అన్నవి టెండరు పిలవకముందే స్పెసిఫికేషన్‌లో ఉండాలి. లేకపోతే అతి తక్కువ ధర చెప్పి ఎల్-1గా వచ్చిన కంపెనీ కాగితంలో ఉన్నంతవరకే ఇచ్చి బిల్లు పెడుతుంది. దాన్ని తప్పుపట్టలేం.

కొనుగోలు పద్ధతులు మారుతూనే ఉన్నాయి. కేంద్రం తెచ్చిన ఆన్‌లైన్ కొనుగోళ్ల వేదిక జెమ్ పోర్టల్ 2016లో వచ్చింది. మన ఆంధ్రప్రదేశ్‌లో, వచ్చిన ధర మీద మళ్లీ పోటీ పెట్టి తగ్గించే రివర్స్ టెండరింగ్ 2019లో వచ్చి 2024లో పోయింది. పద్ధతి ఏదైనా ధర తగ్గించగలదేమో గానీ, ఏం కావాలో చెప్పే ఇండెంటులో రాయడం మరిచిన వాక్యాన్ని తెచ్చిపెట్టలేదు.

2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల కిడ్నీ ఆస్పత్రినీ, హిరమండలం నుంచి ఉద్దానానికి వంశధార నీళ్లు తెచ్చే 700 కోట్ల పథకాన్నీ ప్రారంభించారు. రిబ్బను కత్తిరించాక అసలు కొనుగోళ్లు మొదలవుతాయి: ఏటా మందులు, పంపులు, విడిభాగాలు. ఆ ఇండెంట్లు రాసే గుమస్తాను ముందు కొన్నాళ్లు డయాలసిస్ గదిలో కూర్చోబెట్టండి. స్పెసిఫికేషన్ మీద టెక్నీషియన్ చేత కూడా సంతకం పెట్టించండి. బదిలీ అయితే, ఏది ఎందుకు చెడిందో రాసిన ఫైలు తర్వాతి మనిషికి అప్పగించమనండి. ధర ఇంత తగ్గిందని చూపించే అధికారిని, రెండో ఏడాది ఆ యంత్రం ఎన్ని రోజులు నడిచిందో కూడా చెప్పమని అడగండి.