శ్రీకూర్మ ముఖలింగ శాసనములు: అచ్చుపాఠమును కాగితపు ముద్రయు

శ్రీకాకుళము జిల్లాయందలి శ్రీకూర్మ ముఖలింగ క్షేత్రముల శాసనములు 1925లో దక్షిణహిందూదేశ శాసనముల యైదవ సంపుటమునఁ బ్రకటితములయ్యెను. పండితులకిది పెన్నిధి. తెలుఁగు పాఠములు తెలుఁగులిపిలోనే యున్నవి. అనువాదములు లేకుండుట మనకుఁ గొఱఁత గాదు. కొఱఁత వేఱొకటి గలదు. పాఠమునకాధారమైన కాగితపు ముద్ర సామాన్యముగాఁ జదువరి కంటఁబడదు.

శిలను గడిగి, తడికాగితము పఱచి, గట్టి కుంచెతోఁ గొట్టి యక్షరపు గుంటలలోనికి దింపుదురు. తడి యాఱుచుండఁగా మసిసిరా పూసిన గుడ్డయుండతోఁ బైపై నద్దుదురు. నేల నల్లనై యక్షరము తెల్లగా నిలుచును. ఇంగ్లండునందలి ప్రాచీనపు చర్చిలలో సమాధులపై నుండు నిత్తడిరేకు ప్రతిమలకు నిట్టి ముద్రలే తీయుదురు గాని, యందుఁ గాగితము పొడిది; చెప్పులు కుట్టువారి నల్లమైనముతో రుద్దుదురు. నునుపైన యిత్తడికది చాలును. మన శిలలకుఁ జాలదు. ఉలి నాటిన చోటును, పెచ్చు లేచిన చోటును బొడికాగితముపై నొకే తెలుపు. తడికాగితమున గుంట లోఁతు నిలిచిపోవును గనుక, వెనుకకుఁ ద్రిప్పి వెలుతురున కేటవాలుగాఁ బట్టి చూచినచో భేదము తెలియును.

శ్లోకమునకు ఛందస్సు కావలి. శ్రీకూర్మమున యోగానందనృసింహుని యాలయమును నరహరితీర్థులు గట్టించిన సంగతి చెప్పు 1203వ శకవర్షపు (1281) సంస్కృత శాసనమున నొక యక్షరము చెడినను గణమును బట్టి యూహింపవచ్చును. అఖండదీపమునకుఁ బెట్టిన గండమాడలు రెండో మూఁడో చెప్పు తెలుఁగు వచనమునకట్టి కావలి లేదు. ఒక కొమ్ము, ఒక సున్న, ఒక దీర్ఘము: వీనికి ముద్రయే సాక్షి. అది లేనిచో వింతరూపము చెక్కినవాని పలుకుబడియో, చదివినవాని పొరపాటో తేలదు. వ్యాకరణమునకు విరుద్ధమని దానిని దిద్దుట మఱింత యపాయము. భాషాచరిత్రకుఁ గావలసినది తఱచుగా నా ‘తప్పే’. పర్లాకిమిడిలో నుపాధ్యాయులై యుండిన గిడుగు రామమూర్తి పంతులుగారు ముఖలింగపు శాసనములనే గురువుగాఁ జేసికొని లిపి నేర్చిరి. పరుల పాఠముతోఁ దృప్తిపడని యా పద్ధతి యీ సంపుటము చేతఁబట్టినవారికి మిక్కిలి యవసరము.

ఇంగ్లండునఁ గొన్ని యిత్తడిరేకులు నశింపఁగా, వాని ముద్రలు మాత్రము గ్రంథాలయములలో నిలిచి యున్నవి. శిలయు శాశ్వతము గాదు. సున్నపు పూఁతయుఁ, జేతుల రాపిడియు దానికిఁ జాలును. ఈ సంపుటమును మరల నచ్చొత్తించువారు సందిగ్ధమైన పంక్తులకైనను ముద్రల ఛాయాపటములను జేర్పవలయును. దిద్దిన రూపమును మూలమునఁ గాక యడుగునఁ జూపవలయును.